జ్వరం తగ్గింది... మరి జబ్బో?

మన తెలుగు సినిమాల్లో జ్వరమంత సుకుమారమైన జబ్బు ఇంకొకటి లేదు. కథానాయకుడు వానలో తడుస్తాడు. మరుసటి సీనులో దుప్పటి కప్పుకుని మూలుగుతుంటాడు. మెళ్ళో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరుగారు వచ్చి, 'కంగారేమీ లేదమ్మా, తెల్లారేసరికి తగ్గిపోతుంది' అని బ్యాగు సర్దుకుంటారు. కథానాయిక రాత్రంతా కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంది. కోడి కూస్తుంది, కథానాయకుడు కళ్ళు తెరుస్తాడు... ఆ తర్వాతి షాటులో ఇద్దరూ ఊటీలో! చెట్ల చుట్టూ పరుగులు, కొండ మీద గెంతులు. ఎక్కడా ఆయాసం రాదు. మోకాలు పట్టెయ్యదు. పాట మధ్యలో 'ఒక్క నిమిషం కూచుంటానే' అని పాపం ఒక్కడూ అనడు.

అంటే సినిమా ఆడదు, నిజమే! నిర్మాతల మీద ఫిర్యాదు చెయ్యడానికి కాదు ఇది రాస్తున్నది. చిక్కెక్కడ వచ్చిందంటే, ఈ సినిమా లెక్కనే మనం ఇంట్లోనూ వాడేస్తున్నాం. 'జ్వరం తగ్గిందిగా, ఇంకేమిటి?' అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది, కాలేజీలో వినిపిస్తుంది, ఆఫీసులో వినిపిస్తుంది, షూటింగు స్పాట్లోనూ వినిపిస్తుంది. థర్మామీటరు 98.4 చూపించగానే శుభం కార్డు వేసేస్తాం. శుభం కార్డు పడ్డాక కూడా కొందరికి రీలు తిరుగుతూనే వుంటుందన్న సంగతి, ఆ రీలులో ఇరుక్కున్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ ఇరుక్కున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2021 మే నెల. కోవిడ్ రెండో వేవ్ రోజులు. నాకు అయిదు రోజులు జ్వరం వచ్చింది. ఆసుపత్రి దాకా వెళ్ళే అవసరం పడలేదు. పక్కింటివాళ్ళు గుమ్మం ముందు క్యారేజీ పెట్టి వెళ్ళేవారు. రెండు వారాలకల్లా నెగిటివ్ వచ్చింది. చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళల్లో ఏం జరిగిందో తెలుసు కనక, 'బతికిపోయాంరా దేవుడా' అనుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. మేముండేది మూడో అంతస్తులో. రెండో అంతస్తు మెట్ల మలుపులో చతికిలబడి, ఊపిరి అందాక మళ్ళీ ఎక్కేవాణ్ణి. కాఫీకి వాసన లేదు. మూడో నెలలో వాసన వచ్చింది గానీ, కాఫీ వాసన కాదు... కాలిన రబ్బరు వాసన! ఇవన్నీ ఎలాగో భరించవచ్చు. రాసుకుని బతికేవాడికి అన్నిటికన్నా భయం వేసింది వేరే విషయం. రికార్డు చేసుకున్న ఇంటర్వ్యూ వింటూ రాస్తుంటే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవాణ్ణి. నిత్యం పలికే పేర్లు నాలుక మీదికి వచ్చి ఆగిపోయేవి. నాకు నెల జీతం లేదు. రాస్తేనే డబ్బు, రాయకపోతే లేదు. ఆ నాలుగు నెలల్లో రాసినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

రక్త పరీక్షలు చేయించాను. అన్నీ నార్మల్! మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ కాగితం చూసి నాకు సంతోషం కలగలేదు. రిపోర్టు నార్మల్ అంటే, ఇక నా మాటకి సాక్ష్యం లేనట్టేగా! అయిదో నెల నుంచి మెల్లగా తెరిపిన పడ్డాను. కాఫీ మళ్ళీ కాఫీలా అయింది. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది... ఇలాంటివాళ్ళు ఎంతమంది?

ఎంతమందికి?

ముందు చిన్న సంగతి. మామూలు జలుబుతో వచ్చే దగ్గు ఎన్నాళ్ళుంటుందని అడిగితే మనలో చాలామంది 'వారం' అంటారు. పరిశోధకులు లెక్క కడితే సగటున 18 రోజులు తేలింది. అంటే మామూలు దగ్గుకే మనం వేసే అంచనా సగం కూడా లేదు! గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి దువ్వెన నిండా జుట్టు ఊడిపోతే, అమ్మాయిలేం ఖర్మ అబ్బాయిలూ హడలిపోతారు. అదీ జ్వరం తాలూకు తోకే. జ్వరం దెబ్బకి వెంట్రుకల కుదుళ్ళు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. కొన్ని నెలల్లో చాలామందికి మళ్ళీ వస్తుంది.

ఇక పెద్ద సంగతి. కోవిడ్ తర్వాత మిగిలిపోయే బాధలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఒక నిర్వచనం ఇచ్చింది. జబ్బు మొదలైన మూడు నెలలకి కూడా వుండాలి, కనీసం రెండు నెలలు సాగాలి, వేరే కారణం ఏదీ కనపడకూడదు. జనం దానికి పెట్టుకున్న పేరు 'లాంగ్ కోవిడ్'.

'నీరసం ఎవరికి వుండదు చెప్పండి? కోవిడ్ రానివాళ్ళకి మాత్రం ఒళ్ళు నొప్పులు లేవా?' అని మీరడగొచ్చు. చాలా న్యాయమైన ప్రశ్న. నెదర్లాండ్స్ పరిశోధకులు సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. వాళ్ళ లెక్క 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కోవిడ్ వచ్చిన 4,231 మందిని తీసుకుని, అదే వయసు వున్న, కోవిడ్ రాని 8,462 మందిని పక్కన నిలబెట్టారు. మూడు నుంచి అయిదు నెలలయ్యాక చూస్తే, కోవిడ్ వచ్చినవాళ్ళలో నూటికి 21.4 మందికి ఏదో ఒక బాధ కొత్తగా పుట్టడమో, వున్నది ముదరడమో కనిపించింది. కోవిడ్ రానివాళ్ళలోనూ నూటికి 8.7 మందికి కనిపించింది. అంటే మీరడిగింది నిజమే! కానీ రెండోది మొదటిదాంట్లోంచి తీసేసినా 12.7 మిగిలింది. ఇంచుమించు ఎనిమిది మందిలో ఒకరు. మ్యాట్నీకి మీ కాలేజీ బ్యాచ్ ఎనిమిది మంది కలిసి వెళ్ళారనుకోండి... అందులో ఒకరన్నమాట.

అయితే హడలిపోకండి. ఆ లెక్క టీకాలు ఇంకా అందరికీ అందని రోజులది. 2022లోనే బ్రిటన్ లో టీకాలు వేసుకున్నవాళ్ళని చూస్తే, నెలరోజులు దాటి బాధపడ్డవాళ్ళు డెల్టా రోజుల్లో నూటికి 10.8 మంది, ఒమిక్రాన్ రోజుల్లో 4.5 మంది. శాతం తగ్గింది. కానీ ఒమిక్రాన్ సోకింది కోట్లమందికి కనక, మిగిలిన బాధితుల సంఖ్య తక్కువేం కాదు.

అంతా మనసులోనేనా?

ఇదంతా కోవిడ్ తో పుట్టిన కొత్త వింత కాదు. ఆస్ట్రేలియాలో డబ్బో అని ఒక ఊరుంది. అక్కడ మూడు రకాల జ్వరాలు వచ్చిన 253 మందిని జ్వరం రోజుల నుంచే వెంబడించి చూశారు. ఒకటి గొంతులో గ్రంథులు వాచే ఎప్స్టీన్-బార్ వైరస్ జ్వరం, రెండోది దోమకాటుతో వచ్చే రాస్ రివర్ వైరస్ జ్వరం, మూడోది క్యూ జ్వరం. ఈ చివరిది మాత్రం వైరస్ కాదు, బాక్టీరియాతో వస్తుంది. మూడు క్రిములూ ఒకదానికొకటి ఏమీ కావు. కానీ ఆరు నెలలు గడిచేసరికి నూటికి 12 మంది ఇంకా లేవలేకుండా వున్నారు. అదే నీరసం, అవే నొప్పులు, అదే మతిమరుపు!

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క వేరే వుంది. ఎవరు కోలుకోలేకపోయారో ముందుగా చెప్పగలిగింది వాళ్ళ స్వభావం కాదు, పిరికితనం కాదు, పాత మనోవ్యాధులు కాదు. మొదట్లో జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే! 'నువ్వు మనసు గట్టి చేసుకుంటే తగ్గిపోతుంది' అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

ఆ పరిశోధన అచ్చయింది 2006లో. సరిగ్గా ఆ సంవత్సరమే, రాస్ రివర్ వైరస్ కి దగ్గర చుట్టమైన ఇంకో దోమకాటు వైరస్ మన తెలుగునాట ఇంటింటికీ తిరుగుతోంది. దాని పేరు మీకు తెలిసిందే... చికున్ గున్యా!

వంగిపోయిన వీధి

ఆ పేరు టాంజానియాలో మకొండే అనే భాషది. 'వంగిపోయేలా చేసేది' అని అర్థం. 1952లో అక్కడే మొదట గుర్తించారు. 1963లో కలకత్తాకి, 1964లో మద్రాసుకి, 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలకీ వచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు అయిపు లేదు. 2005 చివర్లో మళ్ళీ ఊడిపడింది. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులే దాదాపు 13.9 లక్షలు.

మాది కడప జిల్లాలో ఒక పల్లె. అప్పుడు నేను ఇంటర్మీడియెట్. పేరు విని కోడి వల్ల వస్తుందనుకుని ఊళ్ళో సగం మంది కోడికూర మానేశారు! పాపం, కోళ్ళకి ఏ సంబంధమూ లేదు. పగటిపూట కుట్టే ఏడిస్ దోమది ఆ పాపం. జ్వరం మూడు నాలుగు రోజులే. కానీ ఆ తర్వాత మా వీధి చూడాలి... ముసలీ ముతకా, వయసువాళ్ళూ అందరూ నడుము పట్టుకుని, గోడ పట్టుకుని నడిచేవాళ్ళు. శెనక్కాయ పెరకడానికి కూలీలు దొరకలేదు.

మా అమ్మకి జ్వరం తగ్గాక వేళ్ళు మిగిలాయి. అంటే వేళ్ళ నొప్పులు. పొద్దున లేవగానే గుప్పిట మూసుకోవు. మా ఇళ్ళల్లో సంగటి చెయ్యాలంటే ఉడుకుతున్న ఎసట్లో పిండి పోసి తెడ్డుతో గట్టిగా కెలకాలి. అది మణికట్టు పని. అమ్మ తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయేది. 'జరం పోయె నాయనా, చేతులు మాత్రం తీస్కపోయె' అనేది. గాజులు తీసి డబ్బాలో పెట్టేసింది, వాచిన చేతులకి ఎక్కక. మళ్ళీ అవి వేసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. అంతకాలమూ మా నాయన సంగటి కెలికాడు. ఉండలు కట్టినా ఎవరం నోరెత్తలేదు!

అమ్మది ఒంటరి కథ కాదు. అదే సమయంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ అనే ఫ్రెంచి దీవిలో జనాభాలో మూడో వంతుకి చికున్ గున్యా వచ్చింది. అక్కడి రోగుల్ని కొందర్ని మూడేళ్ళ తర్వాత పలకరిస్తే, నూటికి 60 మంది ఇంకా కీళ్ళ నొప్పులు చెప్పారు. కొందరికి నిత్యం, చాలామందికి వచ్చిపోతూ. జలుబు, కోవిడ్, చికున్ గున్యా... వైరస్ ని బట్టి శాతం మారుతుంది. తోక మాత్రం అన్నిటికీ వుంది.

నెగిటివ్ అంటే?

నెగిటివ్ అంటే ఆ పరీక్షకి వైరస్ దొరకలేదని అర్థం. ఒళ్ళు మరమ్మతు అయిపోయిందని కాదు. ఈ తేడా తెలుగువాళ్ళకి ఎంత బాధాకరంగా తెలిసివచ్చిందో చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టులో గానగంధర్వుడు బాలసుబ్రహ్మణ్యంగారు కోవిడ్ తో ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబరులో నెగిటివ్ వచ్చిందని వాళ్ళబ్బాయి చెప్పినప్పుడు ఇక ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నాం. సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. ఆయనది తీవ్రమైన జబ్బు, మన నీరసాలతో పోల్చేది కాదు. కానీ వైరస్ పోయినా అది చేసిన నష్టం పోదన్నది ఆ రోజు ఇంటింటా తెలిసింది.

మరి ఎందుకు మిగులుతుంది? ఒక్క కారణం కాదు. కొందరిలో వైరస్ ముక్కలు ఒంట్లో ఏదో మూల దాక్కుంటాయి. రీయూనియన్ లో ఒక రోగి కీలు లోపలి పొరలో పద్దెనిమిది నెలల తర్వాత కూడా చికున్ గున్యా ఆనవాళ్ళు దొరికాయి. కొందరిలో రోగనిరోధక శక్తి, విలన్ పారిపోయినా గాలిలో కత్తి తిప్పుతూనే వుంటుంది. ఆ కత్తి మనకే తగులుతుంది. కొందరిలో గుండె వేగాన్ని చూసుకునే నరాలు గాడి తప్పి, లేచి నిలబడితే చాలు గుండె దడదడలాడుతుంది. వీటిలో చాలావరకు మామూలు రక్త పరీక్షకి అందవు. 'నార్మల్' అన్న రిపోర్టుకీ నిజమైన బాధకీ వైరం లేదన్నమాట.

కృష్ణానగర్ కబురు

హైదరాబాదు కృష్ణానగర్లో నాకు తెలిసిన గ్రూపు డాన్సరొకతను వున్నాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. 2024 వానల్లో చికున్ గున్యా వచ్చింది. 'జ్వరం మూడ్రోజులే అన్నా. మోకాళ్ళు, చీలమండలు మాత్రం నావి కావన్నట్టున్నాయి' అన్నాడు. వారం తిరక్కుండా రిహార్సల్ కి పోయాడు. పోకపోతే ఆ రోజు డబ్బు రాదు, పైగా ఆ చోటు ఇంకొకడిది అవుతుంది. కింద కూర్చుని లేచే స్టెప్పు దగ్గర మూడుసార్లు ఆగిపోయాడు. 'జ్వరం తగ్గిందన్నావు కదరా! బద్ధకమా?' అన్నారట అక్కడ. మెడికల్ షాపులో అడిగితే మాత్రలిచ్చారు, వేసుకుంటే మంత్రం వేసినట్టు ఎగిరాడు. వారానికి ఆపితే నొప్పి రెట్టింపు! అవి స్టెరాయిడ్లని తర్వాత డాక్టరుగారు చెప్పారు. డాక్టరు చూసి ఇస్తే వాటి అవసరం వాటికి వుంది. సొంతంగా మింగితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఇంకా చాలా తంటాలొస్తాయి.

ఏడు నెలలు స్టెప్పు వెయ్యలేదతను. ఊరినుంచి నాన్న ఫోన్ చేసి, 'సినిమాలు దొరకట్లేదా?' అని అడిగితే, 'అవును నాన్నా' అనేవాడు. మోకాళ్ళు నొప్పులంటే ఇంత వయసులో ఎవరు నమ్ముతారు? అవకాశాల్లేవంటే నమ్ముతారు!

ఇదీ నేను చెప్పదలుచుకున్నది. ఈ జబ్బు తోక మనిషిని కుంగదీసేది నొప్పితో సగం, ఎవరూ నమ్మకపోవడంతో సగం. మొదటి సగం డాక్టర్ల చేతిలో వుంది. రెండో సగం మన చేతిలోనే.

మీరేం చెయ్యొచ్చు?

జ్వరం తగ్గిన మర్నాడే క్రికెట్ గ్రౌండుకీ, జిమ్ కీ పరుగెత్తకండి. ఒంటికి ఒకేరోజు రెండు కాల్షీట్లు ఇవ్వకండి. కొంచెం కొంచెంగా పెంచండి. ఒకరోజు బాగుందని పని మీద పడితే, రెండోరోజు మంచం మీద పడేవాళ్ళున్నారు. మీకూ అలా జరుగుతుంటే, అది పంతం పట్టే చోటు కాదు, వెనక్కి తగ్గే చోటు. ఛాతీలో నొప్పి, ఆగని ఆయాసం, స్పృహ తప్పడం... ఇవి కనపడితే ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకోమాట. ప్రతి నీరసాన్నీ వైరస్ నెత్తిన రుద్దకండి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, క్షయ... ఇవీ నీరసం వేషంలోనే వస్తాయి, వీటికి మందులున్నాయి. అందుకే ముందు డాక్టరు చూడాలి. లాంగ్ కోవిడ్ కి మాత్రం ఒక్క మాత్రతో నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఎవరైనా వుందని అమ్మజూపితే జేబు భద్రం! అయితే చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుముఖం పడుతుంది. కొందరికి ఏళ్ళు పడుతుంది.

మీ స్నేహితుల్లో అలాంటివాళ్ళుంటే 'ఇంకా తగ్గలేదా?' అని అడగకండి. అది పరామర్శలా వుండదు, విచారణలా వుంటుంది. 'ఇవ్వాళ ఎలా వుంది?' అనండి చాలు.

అన్నట్టు, కృష్ణానగర్ కుర్రాడు తొమ్మిదో నెలలో మళ్ళీ పనిలోకి వచ్చాడు. మొదటి వరసలో వుండేవాడు, ఇప్పుడు చివరి వరసలో నిలబడతాడు. గెంతే స్టెప్పు దగ్గర పక్కవాడికన్నా రవ్వంత తక్కువ లేస్తాడు. ఈసారి హాల్లో పాట వచ్చినప్పుడు, మీ అభిమాన హీరోని కాసేపు వదిలి ఆ వెనక వరస చూడండి. అందులో రవ్వంత తక్కువ లేచినవాడెవరైనా కనిపిస్తే... ఈల అతనికే వెయ్యండి!